కేబినెట్ ర్యాంకు నెత్తురు

"ఇక నుంచి ఈ బొగ్గు ప్రాంతంలోకి ఏ వైరస్ అయినా సరే, మా అనుమతి లేనిదే అడుగు పెట్టజాలదు!" అని రాష్ట్ర సూక్ష్మజీవుల నియంత్రణ సంస్థ చైర్మన్ లింగమూర్తి గారు మొన్న వేసవిలో సెంటినరీ కాలనీ కమ్యూనిటీ హాలులో ప్రకటించారు. చప్పట్లు కొట్టిన రెండు వందల మందిలో నేనూ ఒకణ్ణి. మిగతా వారికి ఏం అర్థమైందో తెలియదు గానీ, ఆ సాయంత్రం నుంచి మా వాడలో దోమలు కొంచెం తల వంచుకుని తిరుగుతున్నట్టు నాకు అనిపించింది.

మా దోమల సంగతి తెలియని వారికి ఒక మాట చెప్పాలి. బయటి ఊళ్ళలో దోమలు ఇష్టమొచ్చినప్పుడు కుడతాయి. మావి అట్లా కాదు. పొద్దున గని సైరన్ కూత కూయగానే మొదటి షిఫ్టు దోమ డ్యూటీ ఎక్కుతుంది. అది దిగేదాకా రెండో షిఫ్టు దోమ గోడ మీద కూర్చుని ఎదురు చూస్తుంది గానీ మనిషి మీద వాలదు. ఆదివారం నాడు మస్టరు పడితే కూలి రెట్టింపు కాబట్టి ఒక్కో దోమ రెండు సార్లు కుడుతుంది. డెంగ్యూ తెచ్చేది మొదటి షిఫ్టు దోమ. ముప్పై మూడేళ్ళు భూమి కింద పనిచేసి పైకి వచ్చినవాణ్ణి, నాకు షిఫ్టుల గురించి ఎవరూ చెప్పనక్కర లేదు. పేరు బుచ్చన్న. ఊరి బడిలో అయిదు దాకా చదివాను. ఆరుకు మా ఊళ్ళో గది లేదు. ఇప్పుడు కొడుకు క్వార్టరులో ఉంటూ, సభ ఎక్కడుంటే అక్కడ ముందు వరుసలో కూర్చోవడం నా డ్యూటీ.

లింగమూర్తి గారు మూడు సార్లు ఎన్నికల టికెట్టు అడిగిన మహానుభావులు. "మీ స్థాయికి అది చిన్నది" అని మూడు సార్లూ పార్టీ వారిని ఆపింది. చివరికి వారి స్థాయికి తగినట్టు సూక్ష్మజీవులను అప్పగించింది. ఆ సంస్థకు భవనం లేదు, సిబ్బంది లేరు. కేబినెట్ ర్యాంకు మాత్రం ఉంది. కారు ముందు సైరన్, వెనక పి.ఎ. నర్సింగం.

భవనం లేని సంస్థకు పాత సహకార దుకాణం గదిలో ల్యాబు పెట్టారు. దానికి సైంటిస్టుగా శ్రీలేఖ వచ్చింది. రిటైరైన ఇంజనీరు బాబూరావు సారు బిడ్డ. వాళ్ళది కోస్తా నుంచి వచ్చిన కుటుంబమే గానీ, పిల్ల మా కళ్ళ ముందే ఈ కాలనీలో సైకిలు నేర్చుకుంది. పుణెలో వైరస్‌ల మీద పెద్ద చదువు చదివి, పెద్ద పెద్ద ఊళ్ళు వదిలేసి ఇక్కడికి వచ్చింది. కాలనీలో అందరి నెత్తురూ తీసి పరీక్షిస్తానన్నది.

"ఏం చేస్తవ్ బిడ్డా గా నెత్తురుతోటి?" అని అడిగాను.

"డెంగ్యూల నాలుగు రకాలున్నయ్ కాకా. ఒకటి వచ్చి పోతే ఒంట్ల దానికి సిపాయిలు తయారైతరు. మళ్ళా ఇంకో రకం వచ్చిందనుకో, గా పాత సిపాయిలే దొంగను దోస్తనుకొని తలుపు తీస్తరు. అందుకే రెండోసారి జ్వరం మొదటిదాని కంటె ప్రమాదం. ఎవరికి పాత జాడ ఉన్నదో వానలు పడకముందే పేరుపేరునా రాసి పెట్టుకుంటే, వాళ్ళకు జ్వరం రాంగనే పెద్ద దవాఖానకు పంపొచ్చు."

ఈ మాట నాకంటే శ్రద్ధగా విన్నది మా పక్క వరుస సుల్తాన్ బీ. ఆమె మనవరాలు జోయాకు ఎనిమిదేళ్ళు. పోయినేడు వానల్లో ఆ పిల్ల ఎనిమిది రోజులు జ్వరంతో కాలింది. ఏం జ్వరమో ఎవరూ చెప్పలేదు.

"నాకు ఒక్క కాయితం గావాలె బేటీ" అన్నది సుల్తాన్ బీ. "పోయినేడు దీనికి వచ్చింది గదేనా, కాదా. గంతే. ఇంకేం వద్దు."

"ఇస్త అవ్వా. జోయా పేరు మీదనే ఇస్త."

ఇక ల్యాబుకు శాంపిల్ అధికారి కావాలి. 'శాంపిళ్ళు తీయడంలో పదేళ్ళ అనుభవం' అని నర్సింగం ప్రకటన ఇచ్చాడు. కాలనీ మొత్తంలో ఆ అర్హత ఒక్కరికే ఉంది. సదయ్య. ముప్పై ఏళ్ళు రైలు వ్యాగన్ల మీదికెక్కి బొగ్గు శాంపిళ్ళు తీసి రిటైరైన వాడు.

"బొగ్గైతేంది, నెత్తురైతేంది బుచ్చన్నా" అన్నాడు నాతో. "రెండూ లోపటి నుంచి తీసేటియే."

ప్రారంభోత్సవం నాడు చైర్మన్ గారితో కలిపి నాలుగు వందల పన్నెండు మంది వరుస కట్టారు. తొలి నెత్తురు చైర్మన్ గారిదే అని ముందే ప్రకటించారు. విలేకరులు కెమెరాలు ఎత్తారు. అయితే నెత్తురు ఇవ్వడం అనేది మనిషికీ ప్రజలకీ మధ్య ఏకాంతంలో జరగాల్సిన పవిత్ర కార్యమని చైర్మన్ గారు తెరలోపలికి వెళ్ళారు. చిన్నారికి ధైర్యం చెబుతున్నట్టు ఒక ఫోటో కావాలని, వరుసలో ముందున్న జోయాను కూడా నర్సింగం లోపలికి తీసుకుపోయాడు.

కాసేపటికి తెర వెనక నుంచి "దాదీ!" అని సన్నటి కేక వినిపించింది. మరో నిమిషానికి మళ్ళీ అదే కేక. గొప్పవారు భావోద్వేగానికి గురైనప్పుడు గొంతు ఎంత సన్నబడుతుందో నాకు ఆ రోజు తెలిసింది.

తెర తీశారు. చైర్మన్ గారి ఎడమ మోచేతి దగ్గర దూది, దాని మీద అడ్డంగా పట్టీ. నిండు చేతుల ఖద్దరు అంగీ, దాని మీదనే పట్టీ. సూది ఖద్దరు దాటుకుని వెళ్ళి నరాన్ని పట్టుకుందంటే, నర్సమ్మ నైపుణ్యాన్ని మెచ్చుకోవలసిందే. ఆ పక్కనే జోయా. ఆ పిల్లకు రెండు చేతులకూ పట్టీలు.

"గిదేంది, రెండు చేతులకు?" అని సుల్తాన్ బీ అడిగింది.

"ఒకటి బోనస్ అవ్వా" అన్నాడు నర్సింగం.

చైర్మన్ గారి ట్యూబును అక్కడికక్కడే పరీక్షించి, ఇరవై నిమిషాల్లో ఫలితం అచ్చు తీశారు. 'పేరు: లింగమూర్తి. వయసు: 58. డెంగ్యూ పాత జాడ: ఉన్నది.' వెంటనే దానికి బంగారు రంగు ఫ్రేము కట్టించారు.

"నేను తెలియకుండనే డెంగ్యూతోటి పోరాడిన్నట!" అని చైర్మన్ గారు మైకులో చెప్పారు. "అట్లనే మీ కోసం గూడ మీకు తెలువకుండనే పోరాడుతున్న!"

ఇది నిజమని మేమందరం ఒప్పుకున్నాం.

తర్వాత సన్మానం. శ్రీలేఖకు శాలువా కప్పి వేదిక మీద కూర్చోబెట్టారు. పదకొండు మంది వక్తలు. ఆమె లేవబోయినప్పుడల్లా నర్సింగం ఇంకో శాలువా కప్పాడు. మూడు గంటల తర్వాత నాలుగు శాలువాలతో ల్యాబుకు పరుగెత్తింది. నీళ్ళు తాగుదామని నేనూ వెంట వెళ్ళాను.

"సదయ్య గారూ, ట్యూబులేవి?"

"కడిగి బోర్లించిన మేడం."

"అందులో ఉన్నది?"

"కలిపిన."

"దేంట్లో?"

"కొత్త బకెటే మేడం. మూత గూడ ఉన్నది."

శ్రీలేఖ శాలువాల మీదనే కూలబడింది. సదయ్య ఓపికగా చెప్పాడు. యాభై తొమ్మిది వ్యాగన్ల బొగ్గు వస్తే వ్యాగనుకు ఒక గ్రేడు ఎవరూ ఇవ్వరు. అన్నింటి నుంచి తీసి, కలిపి, కుప్ప పోసి, నాలుగు పాళ్ళు చేసి, ఎదురెదురు రెండు పాళ్ళు పారేస్తారు. మిగిలింది మళ్ళీ కలిపి, మళ్ళీ పాళ్ళు చేసి, చివరికి ఒక్క డబ్బా. ఆ డబ్బా గ్రేడే బండి మొత్తం గ్రేడు.

"నెత్తురు కుప్ప నిలుస్తలేదు మేడం. అందుకని నాలుగు చెంబులల్ల పోసి పాళ్ళు చేసిన. ఎక్కడ తప్పు చెయ్యలె. గిగో, ఆఖరు ట్యూబు." ఒక ట్యూబు తీసి ఎంతో గౌరవంగా అందించాడు.

"ఎవరి నెత్తురు ఎవరిదో ఇప్పుడెట్ల తెలుస్తది సదయ్య గారూ?"

"ముప్పై ఏండ్ల సర్వీసుల ఒక్క వ్యాగను గూడ దిగొచ్చి నా గ్రేడు ఏందని అడగలె మేడం."

ఈ మాటకు ఏ పుణెలోనూ జవాబు నేర్పరు.

"ఒక్క చైర్మన్ సారుది మటుకు కలపలె" అన్నాడు సదయ్య. "కేబినెట్ ర్యాంకు. మామూలు నెత్తురుల కలిపితె ప్రోటోకాల్ పోతదని నర్సింగం సారు చెప్పిండు."

ఆ ఆఖరు ట్యూబును పరీక్షిస్తే పాత జాడ ఉందనే వచ్చింది. నాలుగు వందల పదకొండు మందిలో ఎవరో కొందరికి ఉంటే చాలు, బకెట్టు మొత్తానికి వస్తుంది. ఈ సంగతి శ్రీలేఖ చైర్మన్ గారికి చెప్పబోయింది. వారు సగం విన్నారు. గొప్పవారికి సగం చాలు.

"అంటే కాలనీ మొత్తానికి సిపాయిలు తయారున్నరన్న మాట!"

"కాదు సార్. ఎవరికున్నదో తెల్వది. పైగా ఈ జబ్బుకు పాత జాడ ఉంటే రక్షణ కాదు, రెండోసారి ఇంకా..."

"మా కాలనీకి రెండోసారి అనేది ఉండదమ్మా. సదయ్యా, నువ్వు చేసింది మామూలు పని కాదు. నాలుగు వందల మందికి నాలుగు వందల ఫలితాలొస్తే కొట్లాటలైతుండె. ఒక్క నెత్తురు, ఒక్క ఫలితం!"

మర్నాడే 'రాష్ట్రంలో తొలి సంపూర్ణ రోగనిరోధక కాలనీ' అని ప్రకటన వెలువడింది. ఇంటింటికీ ఒక సర్టిఫికెట్టు, చైర్మన్ గారి ఫోటోతో. ఈ కాలనీ చిరునామా మీద ఎవరూ డెంగ్యూ అని రాయరాదని దవాఖానకు ఒక ఉత్తర్వు. నా సర్టిఫికెట్టును దేవుడి పటాల పక్కన పెట్టాను. మా కోడలు దాన్ని తీసి పెసర్ల డబ్బాకు మూతగా పెట్టింది. అది అజ్ఞానం.

రెండో విడత కోసం శ్రీలేఖ ఇల్లిల్లూ తిరిగింది. "ఇంకోసారి నెత్తురియ్యుండ్రి" అంటే, "మాకు గ్రేడు వచ్చింది గదమ్మా" అని పంపించారు. సుల్తాన్ బీ ఒక్కతే పిల్లను రేపు పట్టుకొస్తానన్నది. ఆ రేపటికే వానలు మొదలయ్యాయి. ఆ రేపే జోయాకు జ్వరం వచ్చింది.

మూడో రోజుకు పిల్ల కళ్ళు తెరవడం తగ్గింది. సుల్తాన్ బీ, నేను ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు మంచివాడు. చూసి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"అవ్వా, ఈ చిరునామా మీద నేను గా పేరు రాయరాదు. 'ఒళ్ళు వెచ్చగ ఉన్నది' అని రాస్త. పోయినేడు గూడ దీనికి వచ్చిందని ఒక్క కాయితం చూపెట్టు. రెండోసారి అని రాసి ఇప్పటికిప్పుడు కరీంనగర్ పంపిస్త. కాయితం లేకుంటె నా చెయ్యి ఆడది."

సుల్తాన్ బీ సర్టిఫికెట్టు చూపించింది. డాక్టరు దాన్ని చూసి, దండం పెట్టి, తిరిగి ఇచ్చాడు.

అక్కడి నుంచి ల్యాబుకు వెళ్ళాం. "ఇప్పుడు నెత్తురు తియ్యి బేటీ" అన్నది సుల్తాన్ బీ.

"ఇప్పుడు తీస్తే పాత జాడ, కొత్త జాడ కలిసిపోతయ్ అవ్వా. నేను గట్టిగ చెప్పలేను. జ్వరం రాకముందు తీసిన నెత్తురే చెప్పాలె." శ్రీలేఖ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "దాన్ని బకెట్ల పోసేసిండ్రు."

సుల్తాన్ బీ చప్పున లేచింది. పిల్ల రెండు చేతులూ పట్టుకుని చూసింది. కుడి చేతి మీద ఒక చుక్క మచ్చ. ఎడమ చేతి మీద ఒక చుక్క మచ్చ.

"ఒకటే బకెట్ల పడ్డది" అన్నది. "నడువుండ్రి."

గోదావరిఖని చౌరస్తా దగ్గర చైర్మన్ గారి క్యాంపు ఆఫీసులో అప్పుడే 'వైరస్ రహిత వారోత్సవం' మీద విలేకరుల సమావేశం జరుగుతోంది. వారి తల వెనక గోడ మీద బంగారు ఫ్రేము మెరుస్తోంది. సుల్తాన్ బీ పిల్లను భుజాన వేసుకుని నేరుగా ముందుకు వెళ్ళింది. వెనక శ్రీలేఖ, ఆమె వెనక నేను. ముందు వరుసలో ఖాళీ లేకపోవడం నాకు అదే మొదటిసారి.

"ఆవో అవ్వా, ఆవో. ఏం గావాలె?" అన్నారు చైర్మన్ గారు. కెమెరాలున్నప్పుడు వారికి అన్ని భాషలూ వస్తాయి.

"సార్, మీకు డెంగ్యూ ఎప్పుడొచ్చింది?"

"నాకెందుకొస్తది! పుట్టి బుద్ధెరిగినంక జ్వరమే తెల్వది. నన్ను చూస్తె జ్వరానికే చలిజ్వరం."

"మరి గోడ మీద కాయితంల పాత జాడ ఉన్నదని రాసిండ్రు?"

చైర్మన్ గారు నర్సింగాన్ని చూశారు. నర్సింగం ఫ్యాన్‌ను చూశాడు.

"సుయ్ ఏ చెయ్యికి పొడిచిండ్రు సార్?"

"కుడి... ఎడమ."

"అంగీ ఇప్పిండ్రా, అంగీల నుంచే పొయ్యిందా?"

ఒక విలేకరి తన ఫోనులో పాత ఫోటో తీసి పెద్దది చేసి చూడసాగాడు. ఈ తరం పిల్లలకు పెద్దల మీద నమ్మకం తక్కువ.

"నాకు కొట్లాట వద్దు సార్" అన్నది సుల్తాన్ బీ. గొంతు పెంచలేదు. "బేటీ సంచిల సుయ్ ఉన్నది, పరీక్ష చేసే కార్డు ఉన్నది. మీకు జ్వరం లేదు గద, ఇరవై నిమిషాలల్ల తేలిపోతది. ఒక్కసారి ఇందరి ముంగట పొడిపిచ్చుకోండ్రి. గదే జాడ వస్తె కాయితం మీది. రాకుంటె నా పిల్లది."

శ్రీలేఖ సంచిలో నుంచి సిరంజి తీసి, మూత విప్పింది. అంతే చేసింది.

అంత పెద్ద మనిషి ముఖం రంగు మారడం నేను గనిలో పైకప్పు కూలినప్పుడు కూడా చూడలేదు. కానీ నాయకుడనేవాడు అటువంటి క్షణంలోనే పుడతాడు. చైర్మన్ గారు కుర్చీ ఎక్కి, స్వహస్తాలతో ఫ్రేమును దించి, కెమెరాల వైపు తిరిగారు.

"ఒక పేద చిన్నారి ప్రాణం కోసం, నేను నా సొంత నెత్తురు నివేదికనే త్యాగం చేస్తున్న!"

చప్పట్లు. నేనూ కొట్టాను.

"ఒక ఉత్తరం గూడ రాసియ్యుండ్రి" అన్నది సుల్తాన్ బీ. సిరంజి ఇంకా శ్రీలేఖ చేతిలోనే ఉంది. నర్సింగానికి వచ్చిన ఉత్తరం ఒకటే. అదే రాశాడు: 'ఈ నివేదిక గల వ్యక్తి కేబినెట్ ర్యాంకు గలవారు. తగిన మర్యాదలతో చికిత్స చేయవలెను.' గుండ్రటి ముద్ర పడింది.

చైర్మన్ గారి సైరన్ కారులోనే కరీంనగర్ వెళ్ళాం. అక్కడ కౌంటరులో కూర్చున్న ఆమె ఫ్రేమును అటూ ఇటూ తిప్పింది.

"పేషెంటు పేరు?"

"జోయా" అన్నాను నేను.

"రిపోర్టుల లింగమూర్తి అని ఉన్నది. పేరు కలువకుంటె రిపోర్టు అటాచ్ కాదు."

సుల్తాన్ బీ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "లింగమూర్తే రాయి బేటీ."

"వయసు?"

"ఎనిమిది."

"రిపోర్టుల యాభై ఎనిమిదని..."

"అయిదు ఎక్కువ పడ్డది. తీసెయ్యి."

అలా లింగమూర్తి, ఆడ, ఎనిమిదేళ్ళు, కేబినెట్ ర్యాంకు, ప్రత్యేక గదిలో చేరారు. రెండోసారి డెంగ్యూ అని కాగితం మీదనే ఉంది కాబట్టి, గంట గంటకూ వచ్చి చూశారు. చేరిన నాలుగో రోజు కష్టంగా గడిచింది. సుల్తాన్ బీ తస్బీ పూసలు తిప్పుతూనే ఉంది. శ్రీలేఖ సెలైను చుక్కలు లెక్కపెడుతూ కూర్చుంది. నేను గది బయట కూర్చుని, జీవితంలో మొదటిసారి ఎవరికీ ఏ కథా చెప్పలేదు. అయిదో రోజు లింగమూర్తి గారు కళ్ళు తెరిచి బిస్కెట్లు అడిగారు.

ఇక్కడ ఈ సంగతి ఇలా ఉండగా, ఆస్పత్రి జాబితా పత్రికల వారికి చిక్కింది. 'చైర్మన్ లింగమూర్తికి డెంగ్యూ, ప్రత్యేక వార్డులో చికిత్స' అని మేం చేరిన మర్నాడే మొదటి పేజీలో వచ్చింది. తప్పని చెబుదామంటే, ఆ కాగితం ఎవరిదో చెప్పాలి. అందుకని చైర్మన్ గారు ఇంట్లో తలుపులు వేసుకుని తొమ్మిది రోజులు ఎవరికీ కనబడలేదు. కార్యకర్తలు ఆంజనేయుడికి నూట ఒక్క కొబ్బరికాయలు కొట్టారు. రామకృష్ణాపూర్ నుంచి కూడా పళ్ళు వచ్చాయి. అవన్నీ ఆస్పత్రి ప్రత్యేక గదికే చేరాయి. జోయా దానిమ్మలు తిని, యాపిళ్ళు నర్సులకు పంచింది.

పదో రోజు డిశ్చార్జి. పదకొండో రోజు కమ్యూనిటీ హాలులో చైర్మన్ గారు కోలుకున్న సందర్భంగా ఆత్మీయ సన్మానం. ఈసారి ముందు వరుసలో నాకు చోటు దొరికింది. నా పక్కన సుల్తాన్ బీ, ఆమె ఒడిలో జోయా. పిల్ల చెయ్యి మీద సెలైను పెట్టిన చోట ఇంకా నీలంగానే ఉంది.

చైర్మన్ గారు మెల్లగా, ఇద్దరి భుజాల మీద చేతులు వేసి వేదిక ఎక్కారు. తొమ్మిది రోజులు ఇంటి భోజనం మీద ఉన్నందువల్ల కాస్త ఒళ్ళు చేశారు. చావును దగ్గర నుంచి చూసి వచ్చినవారు అలాగే ఉంటారేమో. నిండు చేతుల ఖద్దరు అంగీ, దాని మీద తెల్లటి దూది, పట్టీ.

"ఆ నాలుగో రోజు ఎట్ల గడిచిందో నాకే తెలుసు" అని వారు మైకులో గద్గదంగా అన్నారు. వెనక సదయ్య కళ్ళు తుడుచుకున్నాడు.

జోయా మెడ చాచి ఆ అంగీనే చూస్తోంది. చూసి చూసి, హాలంతా వినపడేలా అడిగింది.

"దాదీ, ఈసారి పట్టీ ఇంకో చెయ్యికేసిండ్రేంది?"